గంగవరం దాటినాక

పాత బండి కొనేటప్పుడు నేను మొదట ఇంజన్ చూడను. "దీంట్లో ఎవరన్నా పోయిండారా?" అని అడిగి, అమ్మేవాడి మొహం చూస్తాను. మా మదనపల్లె వైపు మనిషి ప్రాణం పోయిన బండిని ఎవరూ ఇంటి ముందు పెట్టుకోరు. అవునంటే సగం ధరకు అడుగుతాను. పెళ్ళైనప్పటి నుంచీ ఇదే నా వ్యాపారం.

ఇప్పుడు అమ్మకానికి పెట్టింది నా సొంత బండి. కార్నివాల్.

నా లెక్కలో సంవత్సరాలుండవు, బండ్లుంటాయి. క్వాలిస్ కొత్తగా వచ్చిన రోజుల్లో మా పెళ్ళి. ఇన్నోవా వచ్చాక పుంగనూరు రోడ్డులో షెడ్డు వేశాను. క్రిస్టా వచ్చేసరికి, ఇక పిల్లలు పుట్టరని డాక్టర్లు తేల్చేశారు. కార్నివాల్ మన దేశానికి వచ్చిన తర్వాత నా భార్య కృష్ణమ్మకు కిడ్నీలు చెడిపోయాయి. ఎత్తు బండి ఎక్కలేకపోయేది. అందుకే బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసిన ఈ బండి కొన్నాను. మీట నొక్కితే పక్క తలుపు దానంతట అదే వెనక్కి జరుగుతుంది. మధ్య వరుసలో రెండు విడి సీట్లు. వాల్చుకుంటే కాళ్ళ కింద కూడా ఆసరా లేస్తుంది. ముందుకొక ఏసీ, వెనక్కొక ఏసీ.

"ఇద్దరికి ఏడు సీట్లు యాలప్పా? మిగిలిన సీట్లలో టమోటా బాక్సులు ఎత్తుకో, బాడుగన్నా వస్తాది" అని నవ్వింది.

ఆమె చెల్లెలిది కుప్పం. అందుకని డయాలసిస్‌కు అక్కడికే పోయేవాళ్ళం. మదనపల్లె నుంచి దూరమే. ఆ దూరానికే ఈ బండి.

ఆమె పోయాక షెడ్డులో దాన్ని చూస్తూ కూర్చోలేక అమ్మకానికి పెట్టాను. కుప్పం నుంచే మునికుమార్ అనే అతను తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. రోజూ రైల్లో బెంగుళూరు పోయి ఉద్యోగం చేస్తాడు. తల్లి అంకమ్మ కూలికి పోయి అతన్ని చదివించిందట. ఇప్పుడు ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి.

"కొత్త మోడల్ వచ్చేసింది కదన్నా, ఇది పాతదే కదా" అన్నాడు.

"పాతదే. కొత్తదానికి పెట్టే దుడ్డులో దీన్ని కొని, మిగిలినదాంతో ఇల్లు కట్టుకోవచ్చు సామీ."

తలుపు తనంతట తాను జరగడం చూసి అంకమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "దీనికేమన్నా దయ్యం పట్టిండాదా నాయనా?" అంటూనే ఎక్కింది.

మునికుమార్ బానెట్ మూసి నా దగ్గరకు వచ్చాడు. "అన్నా, తప్పుగా అనుకోవద్దు. దీంట్లో ఎవరన్నా పోయిండారా?"

జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. కృష్ణమ్మ ఆసుపత్రిలో పోయిందనే అందరూ అనుకుంటున్నారు. నేనూ కాదనలేదు. లేదు అంటే చాలు, బేరం తెగుతుంది.

లోపల అంకమ్మ సీటు వాల్చుకొని కాళ్ళు చాపింది. తల కిటికీ వైపు ఒరిగింది. "మునీ, కాళ్ళకు ఎంత సుకంగా ఉండాదిరా" అంది కళ్ళు మూసుకొని.

"పోయింది" అన్నాను. "నా భార్య. ఆ సీట్లోనే."

మునికుమార్ ఒక్క అంగలో తల్లి దగ్గరకు పోయాడు. "అమ్మా, దిగు, దిగు!"

"ఉండరా, యాల అట్లెగిరెగిరి పడతావు?" ఆమె కదలలేదు. నా వైపు చూసింది. "నొప్పి పడిందా నాయనా?"

"తెలీదమ్మా. పుంగనూరు దాటి గంగవరం వచ్చేతలికి, సలిగా ఉండాదప్పా అనింది. వెనక ఏసీ తగ్గించినా. గంగవరం దాటినాక ఏమీ మాట్లాడలా. నిద్రపోయిందనుకొని మెల్లిగా తోలినా. కొత్త మోడల్ వస్తాండాదంట, ఇది అమ్మేసి దాన్ని తీసుకుందాం, నీకు ఇంకా బాగుంటాది అని, వింటే వింటాదిలే అని, కుప్పం దాకా చెప్పుకుంటానే పోయినా. ఆసుపత్రి ముందర తలుపు తెరిస్తే..."



మునికుమార్ నా వైపు తిరిగాడు. "బాధగా ఉండాదన్నా. కానీ ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు. సగానికైతే మాట్లాడి సూస్తా."

న్యాయమైన మాటే. అతని చోట నేనున్నా అంతే అడిగేవాణ్ణి. కానీ సగానికి ఇస్తే, ఆమె నాతో చివరగా వచ్చిన ఆ దారిని బండికి పడిన సొట్టతో సమానం చేసినట్టే. ఎందరి బండ్లకో అలా ధర కోశాను. దీనికి చేతకాలేదు.

"ఇంక వద్దులే సామీ" అన్నాను.

"నోరు మూసుకొని పద. బేరమాడే సోటు సూసుకోవద్దా?" అని కొడుకును కసిరి, అంకమ్మ సీటును అరచేత్తో ఒకసారి నిమిరి దిగింది.

ఫోన్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఏ మోడల్, ఎన్ని కిలోమీటర్లు అని అడుగుతారు. నేను ముందు కృష్ణమ్మ సంగతి చెప్తాను. చాలామంది పెట్టేస్తారు. నిన్న పుంగనూరు నుంచి ఒకాయన మాత్రం అంతా విని, "అట్లయితే మీరే పెట్టుకోవచ్చు కదప్పా, అమ్మేది యాల?" అన్నాడు.

"తోలేటప్పుడు వెనక్కి తిరక్కుండానే ఆమెతో ఏదో ఒకటి మాట్లాడేస్తాండాను సామీ" అన్నాను.