చెక్క ఆటగాళ్ళు చూసిన చోటు

పొద్దున్నే కిటికీలో ఎండకి నిలబడ్డ చెక్క ఆటగాళ్ళని ఏరి బల్లమీద పెట్టడం మెకానిక్ భార్య పని. "మళ్ళీ వచ్చారూ? ఉన్నచోట ఉండలేరా?" అని చీపురు చేత్తోనే గదమాయించేది. బొటనవేలంత మనుషులు తొమ్మిదిమంది. ఎవరూ చూడనప్పుడు నడుస్తారు, అంతే. వాళ్ళని చెక్కింది ఆవిడ తమ్ముడు.

బల్లమీద ఆడే బేస్‌బాల్ ఆట అది. ఒకరు మీట నొక్కితే ఇనప గోళీ వస్తుంది, ఇంకొకరు నొక్కితే స్ప్రింగు బ్యాటు కొడుతుంది. గోళీ పడ్డ గుంటని బట్టి ఔటో, క్రికెట్లో సిక్సరులాంటి హోమ్‌రనో, దీపం వెలుగుతుంది. చెక్కపని బావమరిదిది, కింద తీగలు మెకానిక్‌వి. సాయంత్రం బొమ్మల కంపెనీ ఆయన చూడ్డానికొస్తున్నాడు.

మెకానిక్‌కి వారంరోజులుగా మనసు మనసులో లేదు. బావమరిది ఎప్పుడు కొట్టినా హోమ్‌రనే!

"మళ్ళీ కొట్టు," అని ముందుకి వంగి, వాడి వేళ్ళమీదే కళ్ళు పెట్టాడు.

టక్. హోమ్‌రన్.

"నువ్వు టీకి వెళ్ళినప్పుడు ఔటయ్యాను బావా. అక్కనడుగు."

"అదే మరి! నేను లేకపోతే ఔటు, నేనుంటే హోమ్‌రనా? ఎవరి చెవిలో పువ్వులు పెడతావ్? కింద ఏదో తీగ దూర్చావు. కంపెనీవాడి ముందు నా పరువు తీద్దామనేగా? సామాను సర్దుకో. మళ్ళీ ఈ గడప తొక్కకు."

"ఒట్టు బావా, బల్లకింద నేను చెయ్యి పెట్టలేదు."

"ఏవండీ, మనం తప్ప వాడికెవరున్నారు?" అందావిడ. మెకానిక్ గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. బావమరిది కళ్ళు తుడుచుకుని, ఉలులన్నీ సంచీలో వేసుకుని గుమ్మందాకా వెళ్ళాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అటే చూస్తూ ఉండిపోయారు.

తిరిగి చూస్తే మైదానం ఖాళీ. తొమ్మిదిమందీ మెకానిక్ కుర్చీ వైపు బల్ల అంచున వరసగా నిలబడి, వంగి కిందికి చూస్తున్నారు.

"ఏం పోయిందర్రా అక్కడ?" అంటూ ఆవిడ కూడా వంగింది. "ఏవండీ, మీ మోకాలి దగ్గర ఈ స్విచ్చేంటి?"

మెకానిక్ మొహం పాలిపోయింది. బల్ల కట్టిన కొత్తలో తను బిగించిందే అది. హోమ్‌రన్ గుంట కింద గోళీని లాగే అయస్కాంతం పనిచేస్తోందో లేదో చూడాలంటే రెండు చేతుల్లోనూ కరెంటు కొలిచే మీటరు తీగలుంటాయి, అందుకని మోకాలితో నొక్కేలా పెట్టుకున్నాడు. తరవాత తీసెయ్యడం మర్చిపోయాడు. బావమరిది వేళ్ళని కనిపెట్టడానికి ముందుకి వంగినప్పుడల్లా తన మోకాలే దాన్ని నొక్కింది.

గుమ్మం దగ్గరికి పరుగున వెళ్ళి సంచీ లాక్కున్నాడు. "తప్పు నాదేరా," అన్నాడు. "స్క్రూడ్రైవరు అందుకో."

స్విచ్చి ఊడదీశాక కుర్చీ వెనక్కి జరుపుకుని, వాడి వేళ్ళవంక చూడకుండా, "కొట్టరా," అన్నాడు.

టక్. ఔటు దీపం వెలిగింది. ముగ్గురూ చప్పట్లు కొట్టారు.