ఎర్రదారం

తొందరగా కావలసిన గుడ్డల మూటకు ఎర్రదారం కట్టడం మా కుట్టుషాపు పద్ధతి. అది కనిపిస్తే చేతిలో పని పక్కన పడేసి దాన్ని అందుకోవాలి. కొత్త ఓనరు వచ్చాక ఆ పద్ధతి మట్టి కొట్టుకుపోయింది. ప్రతి మూటకూ ఎర్రదారమే. నోరు తెరిస్తే అర్జెంటే.

"ఆయన తుమ్మినా అర్జెంటే మాస్టారూ," అనేది గుండీలు కుట్టే అక్క. నేను అక్కడ మాస్టర్ని, కత్తిరించేదీ కుట్టేదీ నేనే.

నాన్నకు ఆయాసం ముదిరిందని చెల్లెలు ఆసుపత్రి నుంచి ఫోను చేసినరోజు నా బల్లమీద ఎవరిదో ప్యాంటు ఉంది.

"వెళ్లాలండీ. ఇది నిజంగా అర్జెంటు," అన్నాను.

"ఇక్కడ అన్నీ అర్జెంటేనయ్యా. ముందు చేతిలోది ముగించు," అన్నాడు ఓనరు, తలైనా ఎత్తకుండా.

ముగించాను. ఆసుపత్రికి చేరేసరికి నాన్న ముఖంమీద దుప్పటి కప్పేశారు.

"వాడొచ్చాడా, వాడొచ్చాడా అని తలుపు వైపే చూశాడన్నయ్యా," అంది చెల్లెలు.

ఆ ప్యాంటు కోసం ఇంతవరకూ ఎవరూ రాలేదు. కొక్కేనికి వేలాడుతూనే ఉంది. నేనే తీయనివ్వలేదు.

ఆ తర్వాత ఓనరు కూతురికి పెళ్లి కుదిరింది. తన కోటు గుడ్డకు తనే ఎర్రదారం చుట్టి, కుప్పమీదికి విసిరి, "మాస్టారూ, అర్జెంట్!" అని కేకేసి వెళ్లాడు. అది ఎవరి గుడ్డో నాకు తెలుసు. అక్కకూ తెలుసు. నేను కుప్ప అడుగునున్న మూట లాగాను.

"అన్నిటికీ ఎర్రదారమే కదక్కా. వరసలో వస్తుందిలే."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మధ్యలో ఆయన అడిగితే, "అయిపోతోందండీ," అన్నాను. గిరాకీలకు మేం రోజూ చెప్పే మాటే. విని తృప్తిగా వెళ్లిపోయాడు.

పెళ్లినాడు పొద్దున్నే పరిగెత్తుకొచ్చాడు. "నా కోటేదయ్యా?"

కుప్పలోంచి మూట తీసి బల్లమీద పెట్టాను. దారం ముడి కూడా విప్పలేదు.

ఆయన ముఖం పాలిపోయింది. "అర్జెంటని చెప్పానుగా! నా కూతురి పెళ్లి మాస్టారూ... ఇది నిజంగా అర్జెంటు!"

సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా అన్నాను. "ఇక్కడ అన్నీ అర్జెంటేనండీ. ముందు చేతిలోది ముగించనివ్వండి."

ఆయన చూపు కొక్కేనికున్న ప్యాంటు మీద పడింది. వెనుదిరిగి వెళ్లిపోయాడు.

పెళ్లికి పాత కోటే వేసుకున్నాడట. పొట్టమీద గుండీ పట్టక, ప్రతి ఫొటోలోనూ చేత్తో పట్టుకునే నిలబడ్డాడట. అక్క చూసొచ్చి చెప్పింది.

మళ్లీ చెప్పించుకున్నాను.