కర్త లేని వాక్యం

మాధవీలత బెండకాయలు తరుగుతుంటే గోవర్ధన్ వంటింటి గుమ్మంలో నిలబడి, రేపు తనతో ఆఫీసుకు రావాలని చెప్పాడు. శంషాబాద్ విమానాశ్రయం పక్కన విమానాల విడిభాగాలు నిల్వ చేసే గోదాముకు అతను మేనేజరు. ఫ్రాన్స్ నుంచి ఒకామె తనిఖీకి వస్తోందట. ఆమెకు ఇంగ్లీషు రాదు, పుణె నుంచి వచ్చిన డైరెక్టరుకు ఇంగ్లీషు, హిందీ తప్ప రావు. ట్రాన్స్‌లేటర్‌ను పిలుద్దామంటే గోవర్ధనే వద్దన్నాడట.

"మా ఇంటామెకు ఫ్రెంచ్ వస్తది సార్, ఊకెనే ఇంట్ల ఉంటది అని చెప్పిన" అన్నాడు, ఏదో మేలు చేసినట్టు.

ఊకెనే ఇంట్ల ఉంటది. ఆ మాట ఆమె చేతిలోని కాయలాగే జిగటగా అంటుకుంది. ఒకప్పుడు నగరంలో కాలేజీలో ఫ్రెంచ్ పాఠాలు చెప్పేది. బిడ్డ పుట్టాక మానేసింది. మానేయమని ఎవరూ అనలేదు. "పిల్లను ఎవరు చూస్తరు?" అని అత్త రుక్మిణమ్మ అడిగింది, అడిగి తల్లీకొడుకులిద్దరూ ఆమె వైపే చూశారు, అంతే. అప్పటినుంచి ఇంట్లో పాలు పొంగిపోయినా, పిల్లకు టీకా తప్పిపోయినా, చుట్టాల పెళ్లికి వెళ్లకపోయినా "మాధవి మర్చిపోయింది" అని గోవర్ధన్ ఫోన్లో చెబుతుంటే పక్క గదిలో బట్టలు మడుస్తూ వినేది. అయినా ఆ సాయంత్రం అంట్లు తోముతూ ఫ్రెంచ్ మాటలు తనలో తాను అనుకుంది. సంతోషం వేసింది. ఇంత చిన్నదానికి సంతోషం వేసినందుకు ఏడుపూ వచ్చింది.

మర్నాడు తనిఖీకి వచ్చిన మదాం ఎలెన్ నెరిసిన జుట్టు మనిషి, సామెతలు లేకుండా మాట్లాడదు. మొన్న ఇక్కడ తాళ్లు కురిశాయట కదా అంది. తాళ్లు కాస్తా మాధవీలత మనసులో కుండపోతగా మారి, నోట్లోంచి మామూలు ఇంగ్లీషు భారీ వర్షమై బయటికొచ్చింది. పాత సరఫరాదారుల దగ్గర ఎన్నో పాముల్ని మింగామంది మదాం. అవమానాలు దిగమింగి ఊరుకున్నామని మాధవీలత ఇంగ్లీషులో చెప్పింది. ఎన్నాళ్ల తర్వాతో తన బుర్ర తనకు వినిపించింది. డైరెక్టర్ మెచ్చుకుని, గోవర్ధన్ భుజం తట్టి, "మిసెస్ గోవర్ధన్, కాఫీలు కూడా కాస్త మీరే చూడండి" అన్నాడు.

అసలు సంగతి మధ్యాహ్నం వచ్చింది. ఆ వానలో మదాం కంపెనీ పెట్టెలు బయటే తడిసిపోయాయి. స్టోర్‌లో పనిచేసే అమ్మాయి లోపల పెట్టించడం మర్చిపోయిందని, ఆమెను తీసేస్తున్నామని గోవర్ధన్ చెప్పాడు. 'మర్చిపోయింది' అన్న మాటను మాధవీలతే తన నోటితో ఫ్రెంచ్‌లో పలకాల్సి వచ్చింది.

మదాం ఆ అమ్మాయిని పిలిపించింది. జల్‌పల్లి నుంచి వచ్చే సంతోషి. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ మాధవీలతకే చెప్పుకుంది.

"మబ్బు పట్టంగనే సారుకు ఫోన్ చేసిన అక్కా. షెడ్డు తాళం సారు దగ్గరనే ఉంటది. సారు ఎత్తలేదు."

మాధవీలత అది ఫ్రెంచ్‌లో చెప్పగానే, గోవర్ధన్‌కు మాట్లాడే వీలివ్వకుండా మదాం షెడ్డు చూపించమంది. అతను అలవాటుగా తన ప్యాంటు జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచాడు. తెరిచాక గానీ, సంతోషి మాట తానే రుజువు చేశానని అతనికి తట్టలేదు.

మదాం డైరెక్టర్ వైపు తిరిగి నెమ్మదిగా అంది: ఈ పెద్దమనిషి ఆ పిల్లకు టోపీ తొడుగుతున్నాడు.

తన తప్పును ఇంకొకరి నెత్తిన రుద్దడాన్ని ఫ్రెంచ్‌వాళ్లు అలా అంటారు. మాటకు మాట చెబితే డైరెక్టర్‌కు టోపీ తప్ప ఏమీ అర్థం కాదు. ఆయన ఎదురు చూస్తున్నాడు. గోవర్ధన్ పెదవులు కదలకుండా తెలుగులో అన్నాడు: "జర చూసి చెప్పు మాధవీ. మన బతుకు గిది."

"ఆ అమ్మాయిది కాని తప్పును ఆ అమ్మాయి మీద వేయడం జరుగుతోంది" అని ఆమె ఇంగ్లీషులో చెప్పింది. వేస్తున్నది ఎవరో చెప్పలేదు. చెప్పకపోయినా వాక్యం చక్కగానే నిలబడింది.

ఆ మాత్రానికే ఇల్లు మసిబారింది. గోవర్ధన్ అన్నం ముట్టలేదు. "మొగని నోటికాడి కూడు తీసినవు" అంది రుక్మిణమ్మ. మర్నాడు సాయంత్రం అతనే టీ పెట్టి తెచ్చాడు. ఇన్నేళ్లలో అదే మొదలు.

"డైరెక్టర్ ఫోన్ చేస్తడు. చాన్నాళ్లాయె, ఫ్రెంచ్ మర్చిపోయిన, తప్పు చెప్పిన అను. ఒక్క మాట. నీకేం పోతది, నువ్వేమన్న నౌకరి చేస్తున్నవా?"

"మరి సంతోషికి?"

"ఇంకోకాడ దొరుకుతది."

టీ బాగానే ఉంది, అల్లం కూడా వేశాడు. ఇన్నాళ్లూ పాలు, టీకాలు, పెళ్లిళ్లు మర్చిపోయిన మనిషిగా బతికింది. ఇప్పుడు తనకు మిగిలిన ఆ ఒక్క భాషను కూడా మర్చిపోయానని తన నోటితోనే చెప్పాలి. ఆ తర్వాత తనలో ఇంకేం మిగులుతుందని వెతుక్కుంటే ఏమీ కనిపించలేదు.

ఫోన్ మోగింది. గోవర్ధన్ స్పీకర్ పెట్టి ఆమె ముందుంచాడు. నిన్న అనువాదంలో పొరపాటు జరిగిందా అని డైరెక్టర్ అడిగాడు.

"జరిగింది" అంది మాధవీలత.

గోవర్ధన్ ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలాడు.

"మదాం చెప్పిన వాక్యంలో తప్పు మోపుతున్నది ఎవరో కూడా ఉంది. నేను వదిలేశాను."

ఎవరని డైరెక్టర్ అడిగాడు. పెళ్లయిన నాటినుంచి ఆమె ఆ పేరు పైకి పలికింది లేదు. ఎదురుగా ఉన్న మనిషిని చూస్తూ, అక్షరం అక్షరం విడివిడిగా వినిపించేలా పలికింది.

"గోవర్ధన్."