పగిలితే తుపాకి, పగలకపోతే బొమ్మ

మా ఆయన లాల్ అహమ్మద్‌ది బుడగల కొట్టు. కొట్టంటే నాలుగు గోడలున్నది కాదు. ఒక పెద్ద చెక్క పలక, దానికి మేకులు, మేకులకు రంగురంగుల బుడగలు, ముందు ఒక బల్ల, బల్ల మీద రెండు ఎయిర్ గన్నులు. ఆదివారాలు తెనాలి నుంచి బాపట్ల వెళ్ళి సూర్యలంక ఇసుకలో ఆ పలక నిలబెడతాడు. సముద్రంలో మునకలేసినవాళ్ళు తడిబట్టలతో వచ్చి బుడగలు కొడతారు. కొడతారని మాటవరసకు అన్నాను, కొట్టలేరు. తుపాకి గొట్టం చివర గురి చూసుకునే ఇనుప ముక్క ఉంటుంది చూశారూ, దాన్ని మా ఆయన పట్టకారుతో కాస్త పక్కకి వంచి పెడతాడు. ఈ వ్యాపారంలో అందరూ చేసేదే. ఇందులో దాచడానికేం లేదు, వచ్చిన ప్రతివాడూ బుడగలన్నీ పేల్చేస్తే మేం తినేదేంటి?

కూతురికి నేర్పేటప్పుడు మాత్రం ఆ ముక్కని తిన్నగా చేసేవాడు. మా షాహీన్ పదేళ్ళప్పటి నుంచీ ఆ బల్ల దగ్గరే పెరిగింది. జనం లేనప్పుడు తండ్రీ కూతుళ్ళిద్దరూ బుడగ వదిలేసి, బుడగ కట్టిన దారాన్ని కొట్టేవాళ్ళు. ఆడపిల్లకి ఈ తుపాకులేంటే జైనబ్ అని మా వీధిలో అడిగినవాళ్ళందరికీ నేను సమాధానం చెప్పాను. నాకు నోరెక్కువని పేరు. ఉండనీ, నోరు లేనివాళ్ళు బాగుపడిందెక్కడ?

ఒక ఆదివారం హరిచందన అనే ఆవిడ సూర్యలంక వచ్చింది. గుంటూరులో పిల్లలకి షూటింగ్ నేర్పుతుందట. షాహీన్ కొట్టడం చూసి, తన దగ్గరికి పంపమంది. పంపాం. అక్కడ వాళ్ళ తుపాకితోనే నేర్చుకుంది, చిన్న చిన్న పోటీల్లో గెలిచింది. రెండువేల తొమ్మిది ఎండాకాలంలో రాష్ట్రం జట్టుకి ఎంపిక పోటీ అన్నారు. ఎవరి తుపాకి వాళ్ళే తెచ్చుకోవాలి. వచ్చే ఏడాదికి షాహీన్‌కి జూనియర్ వయసు దాటిపోతుంది. ఇప్పుడు తప్పితే మళ్ళీ లేదు.

మా కొట్టు తుపాకులు పనికిరావు. గొట్టాలు అరిగిపోయాయి, దూరం పెరిగితే గుండు ఎటు పోతుందో దానికే తెలియదు. కొత్తదాని ధర వింటే గుండె ఆగింది. పాతదెక్కడైనా చవగ్గా దొరుకుతుందేమోనని మా ఆయన ఊళ్ళన్నీ తిరిగాడు. చివరికి రేపల్లెలో దొరికింది.

అమ్మినాయన గౌరీశంకరం గారు, రిటైరైన తెలుగు పండితులు. పెరట్లో కొబ్బరి బొండాం వేలాడదీసి గురి కొట్టడం ఆయన సరదా. ఒకసారి గుండు వెళ్ళి వాళ్ళావిడ వెంకటరమణమ్మ గారి ఆవకాయ జాడీకి తగిలిందట. అది ఉండాలో నేను ఉండాలో తేల్చుకోమంది ఆవిడ. ఆయన తేల్చుకున్నాడు, అంచేత మాకు చవగ్గా వచ్చింది.

"దీనికి లైసెన్సు అక్కర్లేదండీ," అన్నారు గౌరీశంకరం గారు తుపాకి చేతికిస్తూ. "గాలి తుపాకి. ఎవరైనా కొనుక్కోవచ్చు, ఇంట్లో పెట్టుకోవచ్చు. అది మీ హక్కు. ఎవరడిగినా ఆ మాటే చెప్పండి."

"అక్కర్లేదా అండీ?" అన్నాడు మా ఆయన.

సంతోషించాల్సిన మాటకి మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఎందుకో నాకు తెలుసు. ప్రతి ఎన్నికలకీ లైసెన్సు తుపాకులున్నవాళ్ళు వాటిని పోలీస్ స్టేషన్‌లో జమ చేయాలి. కొలకలూరు నుంచి సుందరయ్య గారని పెద్ద రైతు జీపులో వస్తాడు, రెండు గొట్టాల తుపాకి పట్టుకుని. స్టేషన్‌లో ఆయనకి కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు. ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి మా ఆయన ఏళ్ళ తరబడి ఆ వైభోగం చూస్తున్నాడు. తుపాకి ఉన్న మనిషంటే అలా ఉండాలని ఆయన లెక్క. తనకీ రెండు తుపాకులున్నాయి, కానీ వాటిని చూసి కుర్చీ వేసినవాడు ఒక్కడూ లేడు.

ఎన్నికలు వచ్చాయి. ఆటోకి మైకు కట్టుకుని వీధి వీధీ తిరిగారు, తుపాకులున్నవారు వెంటనే స్టేషన్‌లో జమ చేయవలెనని. ఆ రోజు నేను మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. షాహీన్ కాలేజీలో ఉంది. అదే కొంప ముంచింది.

సాయంత్రం వచ్చేసరికి మా ఆయన పండగ జుబ్బా వేసుకుని, అత్తరు రాసుకుని, గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చేతిలో ఒక రసీదు.

"జమ చేసొచ్చాను," అన్నాడు.

"ఏంటి జమ చేసింది?"

"రేపల్లె తుపాకి. చూడు, రైటర్ చిన్నయ్య గారు స్వయంగా రాశాడు. 'తుపాకి, ఒకటి, యజమాని లాల్ అహమ్మద్.' కుర్చీ వేశారు జైనబ్! టీ ఇవ్వలేదనుకో, వాళ్ళకీ పనులుంటాయి కదా."

నాకు నోట మాట రాలేదు. నాకే! మా వీధిలో చెబితే ఒక్కరూ నమ్మరు. ఏరి కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. వచ్చే ఆదివారమే పోటీ. ఎన్నికలు అయి, లెక్కింపు అయితేగానీ స్టేషన్ నుంచి తుపాకి బయటికి రాదు. షాహీన్ వచ్చి రసీదు చదివింది. ఏడవలేదు, అరవలేదు. "నాన్నా, ఇది జమ చేసేది కాదు కదా," అని మాత్రం అంది. అప్పటికిగానీ ఆ మనిషికి తను చేసిన పని ఏంటో తలకెక్కలేదు. ఆ తర్వాత అన్నం ముట్టలేదు. నేనూ బతిమాలలేదు.

మర్నాడు ముగ్గురం స్టేషన్‌కి వెళ్ళాం. రైటర్ అంటే అక్కడ కాగితాలు రాసే కానిస్టేబుల్. ఆ చిన్నయ్య గోడకి చేరేసిన తుపాకుల మధ్య కూర్చుని ఉన్నాడు. మాది ఆ పెద్ద తుపాకుల పక్కన తప్పిపోయిన పిల్లలా ఉంది.

"లైసెన్సు చూపించి పట్టుకెళ్ళవయ్యా," అన్నాడు.

"దీనికి లైసెన్సు అక్కర్లేదండీ. గాలి తుపాకండీ," అన్నాడు మా ఆయన.

"లైసెన్సు అక్కర్లేనిది జమ ఎందుకు చేశావు?"

"మైకులో చెప్పారు కదండీ."

"జమ చేశావు కాబట్టి ఇది తుపాకి. తుపాకి అయితే లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేకపోతే నీ మీద కేసు. ఏం చేయమంటావు చెప్పు?"

ఇక ఊరుకుంటే నేను జైనబ్‌ని కాను. "ఏం బాబూ, తీసుకునేటప్పుడు అడగని లైసెన్సు ఇచ్చేటప్పుడు ఎక్కడి నుంచి పుట్టుకొచ్చింది? మా ఆయన దొంగతనం చేశాడా, దాచాడా? నడిచొచ్చి అప్పజెప్పిన మనిషి మీద కేసేంటి? కొనుక్కునే హక్కు మాకు లేదా?" అని మొదలుపెట్టాను. ఆ గొడవకి లోపల్నుంచి ఎస్సై బయటికొచ్చాడు. కుర్రవాడే. ఎన్నికల పనితో నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సంగతంతా విన్నాడు. పోటీ మాట షాహీన్ చెప్పింది. ఆయన తుపాకి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"మాకూ తలనొప్పేనమ్మా," అన్నాడు. "బయటికి పంపాక దీంతో ఎవడైనా ఎవడి తలైనా పగలగొడితే నా ఉద్యోగం పోతుంది. చిన్నయ్యా, ఆ టీ గ్లాసు పట్రా."

పెరట్లో విరిగిన బెంచీ ఒకటి గోడకి నిలబెట్టి ఉంది. దాని అంచు మీద ఖాళీ గ్లాసు పెట్టించాడు.

"మూడు సార్లు కాల్చు. గ్లాసు పగిలితే తుపాకి. ఎన్నికలయ్యేదాకా లోపలుంటుంది. పగలకపోతే బొమ్మ. పట్టుకుపో." ఆగి, షాహీన్ వైపు వేలు చూపించాడు. "కావాలని పక్కకి కొట్టావనుకో, నాకు తెలుస్తుంది. అప్పుడు మీ నాన్న కూడా లోపలే ఉంటాడు."

సరదాకి అన్నాడో నిజంగానే అన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. పోలీసుల సరదా మనకి ప్రాణసంకటం. కానిస్టేబుళ్ళు టీలు పట్టుకుని వరండాలోకి చేరారు. మా ఆయన గొట్టం కిందికి వంచి గుండు పెట్టి ఇచ్చాడు.

మొదటిసారి కాల్చింది. టక్కుమంది. గ్లాసు కదల్లేదు.

"ఏమ్మా, కళ్ళజోడు తెప్పించమంటావా?" అన్నాడొకడు.

రెండోసారి. గ్లాసు అక్కడే ఉంది. అందరూ నవ్వారు. "రాష్ట్రం జట్టుకేనా, మన స్టేషన్ జట్టుకా?" అని ఇంకొకడు. వీళ్ళలో ఒక్కడైనా మా కొట్టుకి వస్తే ఒక్క బుడగ పేల్చలేడు. ఆ మాట అనడానికి లేదు. నోరు కుట్టుకుని నిలబడ్డాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు.

మూడోసారి. గ్లాసు ఉంది.

ఎస్సై కూడా నవ్వాడు. "బొమ్మే. రాసుకోవయ్యా చిన్నయ్యా. అమ్మాయ్, గురి ఎటో పోతోంది, సరిచేసుకో." అని, "గ్లాసుకి ఎంత దూరంలో తగిలిందో చూద్దాం ఉండు," అంటూ మెట్లు దిగబోయాడు.

అప్పుడు షాహీన్ మొహం చూశాను. పాలిపోయింది. అంతసేపూ లేని భయం అప్పుడొచ్చింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. వాళ్ళ నాన్నకి అర్థమైంది. "గ్లాసు నేను తెస్తానండీ, మీకెందుకు శ్రమ," అంటూ ఎస్సై కంటే ముందు గబగబా బెంచీ దగ్గరికి నడిచాడు. గ్లాసు తీసి ఒక చేత్తో పట్టుకున్నాడు. రెండో చెయ్యి బెంచీ మీద ఆనించి నిలబడ్డాడు, నడుము పట్టేసినవాడిలా.

"ఏంటయ్యా, ఏమైంది?"

"ఏం లేదండీ. పొద్దున్నుంచీ తిండి లేదు, కళ్ళు తిరిగాయి. బెంచీకి ఎక్కడా తగల్లేదండీ. గోడ దాటిపోయినట్టున్నాయి."

ఎస్సై ఆగాడు. అంతలో లోపల ఫోను మోగింది, తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. మా ఆయన ఆ చెయ్యి తీయకుండా, చిన్నయ్య లోపలికెళ్ళేదాకా, వరండా ఖాళీ అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత వంగి, కింది మట్టి కాస్త తీసి ఆ చోట పులిమాడు.

చిన్నయ్య కొత్త రసీదు రాశాడు. 'బొమ్మ తుపాకి ఒకటి ముట్టినది.' కింద సంతకం పెట్టమన్నాడు. యజమాని అన్న మాట కోసం అత్తరు రాసుకుని వెళ్ళిన మనిషి, బొమ్మ అన్న మాట కింద మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు.

స్టేషన్ మలుపు తిరిగాక మా ఆయన తుపాకి నా చేతిలో పెట్టి, కూతురి మీద విరుచుకుపడ్డాడు. అరచెయ్యి చాపి చూపించాడు. మధ్యలో చెక్క పేడు గుచ్చుకుని నెత్తురు చిమ్మి ఉంది.

"బెంచీకి మూడూ ఒకే చిల్లులో కొడతావటే పిచ్చిదానా! వేలు పట్టేంత చిల్లు కూడా లేదు! వాడొచ్చి చూస్తే కావాలనే కొట్టావని తెలిసిపోయేది కాదూ? చెదరగొట్టొద్దూ? ఒకటి అటూ ఒకటి ఇటూ కొట్టొద్దూ? ఆ మాత్రం బుద్ధి ఉండొద్దూ?"

షాహీన్ అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు అప్పుడు ఏడ్చింది.

"చూశాను నాన్నా. రెండోది పక్కకి కొడదామనే చూశాను. నా చెయ్యి పోలేదు. చెదరగొట్టడం నాకు మీరెప్పుడు నేర్పారు?"

మా ఆయన నడిరోడ్డు మీద, జీపులూ మైకులూ పోతుంటే, ఆ నెత్తుటి చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూతురి తల మీద పెట్టాడు. కొత్త చున్నీకి మరకవుతుందని అరిచాను. ఇద్దరూ వినిపించుకోలేదు.