శుభ్రం చేసిన గొంతు

"నీ ఆఫీసులో చేసేదేముందే, పొద్దస్తమానం బటన్లు నొక్కడమేగా!" అన్నాడు భర్త, మూత సరిగ్గా పట్టని టిఫిన్ డబ్బాను మళ్ళీ ఆమె చేతిలో పెడుతూ. మూత బిగించడం రానివాడేం కాదు. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో ఆ ఇంట్లో మూతలన్నీ ఆమె పనిలోకి వచ్చి చేరాయి, అంతే. ఆమె మూత నొక్కి, డబ్బా అతని సంచిలో పెట్టి, అత్తగారి మాత్రలు మంచినీళ్ళ గ్లాసు పక్కన ఉంచి, స్టవ్ కట్టేసిందో లేదో రెండోసారి చూసుకుని బస్సు కోసం పరుగెత్తింది. బస్సులో నిలబడి ఆలోచిస్తే అతని మాటలో అబద్ధమేమీ కనిపించలేదు. నిజంగానే ఆమె బటన్లు నొక్కుతుంది. రెండే రెండు బటన్లు. ఒకటి "తీసేయ్", ఇంకొకటి "ఉంచు".

ఒకరి పాటనో, ఫోటోనో, సినిమా ముక్కనో ఇంకొకరు అడగకుండా ఎత్తుకుపోయి నెట్‌లో పెట్టేసుకుంటే హక్కుదారు ఫిర్యాదు చేస్తాడు. ఆ ఫిర్యాదు నిజమో కాదో తేల్చే ఆఫీసు అది. ఆమెది ధ్వని విభాగం. తెర మీద పైన ఫిర్యాదు చేసినవారి ధ్వని ఒక గీతలా, కింద దొంగిలించారన్న ధ్వని ఇంకో గీతలా కనిపిస్తాయి. రెండింటి ఎత్తుపల్లాలూ కలిస్తే తీసేయ్, కలవకపోతే ఉంచు. ఎవరి మీదా పక్షపాతం రాకూడదని పేర్లు చూపించరు, అంకెలే ఉంటాయి. ప్రతి సీటుకీ హెడ్‌ఫోన్లు ఇచ్చారు గానీ అవి కొక్కేలకు వేలాడుతూ దుమ్ము పట్టాయి. చేరిన కొత్తలో ఆమె ఒక్కొక్కటీ పూర్తిగా వినేది. పక్క సీటావిడ రెండు రోజులు చూసి జాలిపడింది. "వింటూ కూర్చుంటే ఎప్పటికి తెములుతావమ్మా? రోజుకి మూడొందలు చూడాలి మనం. గీతలు చూడు, నొక్కు, పో. వినడం మనకి గిట్టుబాటు కాదు" అంది. అప్పటినుంచీ ఆ గదిలో ఆడవాళ్ళందరిలాగే ఆమె కూడా ధ్వని కట్టేసి ధ్వనుల సంగతి తేలుస్తోంది. వినకుండా తీర్పు చెప్పడం వింతగా ఉండేది మొదట్లో. ఇంట్లో అలవాటైన సంగతే కదా అని తర్వాత సర్దుకుంది.

శిక్షణలో లీడరమ్మ ఒక మాట చెప్పింది. వాళ్ళ జట్టుకి పెద్ద కాబట్టి అందరూ ఆవిడని లీడరమ్మ అనేవారు. "ఎవరిది అసలో తేలకపోతే ఒకటి గుర్తుపెట్టుకోండి. దగ్గులు, తుమ్ములు, తలుపు చప్పుళ్ళు ఉన్నదే ముందు పుట్టింది. కడిగి ముస్తాబు చేసింది తర్వాత పుట్టింది. చప్పుడు తీసెయ్యొచ్చు గానీ లేని చప్పుడు తెచ్చి ఎవరూ అతికించుకోరు." అందరూ నవ్వి రాసుకున్నారు. మూడొందల లెక్క మొదలయ్యాక ఆ కాగితం ఎవరి సొరుగులో ఉందో ఎవరికీ గుర్తులేదు.

ఆ మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. అక్కకు చూపు పోయి రెండేళ్ళయింది. అమ్మ పోయాక ఆమెను పెంచింది అక్కే. అన్నం తినిపిస్తూ, జడ వేస్తూ, జ్వరమొస్తే పక్కన కూర్చుని, కథలు చెప్పింది. ఇప్పుడు వంతు తిరిగింది. వీలు చిక్కిన సాయంత్రం ఇంటికి రాగానే కూరగాయల బుట్టకు ఫోన్ ఆనించి, రికార్డు నొక్కి, తరుగుతూ, కడుగుతూ, కలుపుతూ ఆమె అక్క కోసం కథలు అల్లుతుంది. అల్లినది అల్లినట్టే నెట్‌లో పెట్టి ఆ లింకు పంపుతుంది. అక్క పొద్దున్నే లేచి వింటుంది. ఇప్పటికి ముప్పయ్యొక్క కథలు.

"కథలు రావట్లేదే" అంది అక్క. "నిన్నటి నుంచీ నొక్కుతున్నాను. ఏది నొక్కినా, హక్కుదారు ఫిర్యాదు మేరకు తొలగించబడినది అంటోంది ఒక గొంతు. నీకేమైనా అయిందేమోనని ప్రాణం విలవిల్లాడిపోయింది."

"నాకేం కాలేదక్కా. నేను చూస్తాగా."

"ఎవరే ఆ హక్కుదారు? నీ కథలకి నువ్వు కాక ఇంకో హక్కుదారెవరు?"

ఆమె తింటున్న డబ్బా పక్కకు నెట్టి, లింకులోని అంకెను ఆఫీసు తెర మీద కొట్టి చూసింది. ముగిసిన ఫైలు కాబట్టి వివరాలన్నీ తెరుచుకున్నాయి. ముప్పయ్యొక్క ధ్వనులు. మొన్న ఉదయం పది దాటాక తీర్పు. తీర్పిచ్చిన సీటు నంబరు చదివి, తన కుర్చీ వెనక అతికించిన నంబరు తిరిగి చూసుకుంది. చూసుకోవాల్సిన పనిలేదు, నాలుగేళ్ళుగా అదే నంబరు. మొన్న పది దాటాక ఒకే ఫిర్యాదులో ముప్పయ్యొకటి వచ్చాయని, చకచకా అయిపోతాయని సంతోషించడం కూడా గుర్తొచ్చింది. కింది గీతలు పొడుగ్గా, ముళ్ళ కంచెలా ఉన్నాయి. పై గీతలు పొట్టిగా, నున్నగా ఉన్నాయి. అయినా మధ్యలో ఎత్తుపల్లాలు కలిశాయి కదా! తన గొంతును తనే, ధ్వని కట్టేసి, ముప్పయ్యొక్కసార్లు "తీసేయ్" అని నొక్కింది.

హక్కుదారు గడిలో ఉన్నది ఆమె భర్త పేరు.

అతనిది ధ్వని శుభ్రం చేసే పని. ఎవరెవరి రికార్డింగులో తెచ్చిస్తే వాటిల్లోని గాలి చప్పుడూ, బండ్ల హారన్లూ తీసేసి ఇస్తాడు. ఆరు నెలల కిందట ఆమె ఫోనులో కథలు విని, "నీ సోది కూడా పనికొచ్చేలా ఉందే, కాస్త బాగుచేసి పెడతాలే" అన్నాడు. ఆమె మురిసిపోయింది. ఆ మురిపెం తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. ఫోనులో చోటు లేదని ఆ కథలన్నీ అతనే చెరిపేశాడు కూడా. ఫైలు ప్రకారం అవి పిల్లల కథల ఆల్బమ్ అయ్యాయి, ఒక పెద్ద ఆడియో సంస్థ వాటిని అద్దెకు తీసుకుంది, తమవి తప్ప ఇంకో నకలు ఎక్కడా ఉండకూడదని షరతు పెట్టింది. అందుకే ఫిర్యాదు. ఆల్బమ్ వివరాల్లో రచన, సృష్టి, నిర్వహణ అన్నిటికీ అతని పేరే. ఆఖరి వరుసలో, గొంతు: ఇంటి మనిషి.

లైసెన్సు కాగితం, అంటే హక్కులు రాసిచ్చే పత్రం, కూడా జతచేసి ఉంది. "పై కథలన్నీ నా భర్త రచించినవి. నేను చదివి వినిపించాను. వీటిపై నాకు ఏ హక్కూ లేదు." కింద ఆమె సంతకం. సంతకంలో ఒక అక్షరం నీళ్ళకు అలుక్కుపోయి ఉంది. అంట్లు తోముతుంటే అతనొచ్చి, "ఇన్సూరెన్సు కాగితాలే, ఇక్కడోటి, ఇక్కడోటి, తొందరగా" అని గట్టు మీద పరిచిన రోజు అది. ఆమె తడిచేత్తోనే పెట్టింది. ఎవరికి, ఎంతకాలం, ఎక్కడెక్కడ, దేనికోసం, ఈ నాలుగూ చూడకుండా లైసెన్సు ముట్టుకోకూడదని కొత్తగా చేరిన పిల్లలకు పాఠం చెప్పేది తనే. ఊళ్ళోవాళ్ళ కాగితాలన్నీ భూతద్దం పెట్టి చదివే మనిషి ఇంట్లో కాగితం తిరగేసైనా చూడలేదు. ఎందుకు చూడలేదు? చూస్తే "నన్నే నమ్మవా?" అంటాడు. ఆ ఒక్క మాటకు భయపడి పద్దెనిమిదేళ్ళలో ఎన్ని కాగితాలు చదవకుండా వదిలేసిందో లెక్కలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళి సంచి కింద పెట్టకుండానే అడిగింది. అతను తెర మీద ఎవరిదో ఉపన్యాసంలోంచి ఫ్యాను చప్పుడు తీస్తున్నాడు. తల తిప్పలేదు.

"దానికింత రాద్ధాంతమెందుకే? డబ్బు మనింటికేగా వచ్చేది."

"అవి నా కథలు."

"కథలా?" అప్పుడు తిరిగాడు. మొహంలో కోపం లేదు, నిజమైన ఆశ్చర్యమే ఉంది. ఆమెను ఎక్కువ బాధపెట్టింది అదే. "నువ్వు చెప్పింది సోది. గిన్నెల చప్పుడు, కుళాయి చప్పుడు, మధ్యలో ఆగిపోవడాలు, మళ్ళీ మొదలెట్టడాలు. వారాలకి వారాలు కూర్చుని అదంతా శుభ్రం చేశాను. నేను శుభ్రం చేస్తేనేగా అది కథయింది?"

"మరి నేను చదివానని రాశావేం? ఏ పుస్తకంలోంచి చదివాను?"

"అలా రాస్తేనే వాళ్ళు తీసుకుంటారు. నీకివన్నీ తెలియవులే."

నాలుగేళ్ళుగా ఆ పనే చేస్తున్న మనిషితో ఆ మాట! ఆమెకు నవ్వొచ్చింది. లోపలి గదిలోంచి అత్తగారు మందలించారు. "మొగుడి పేరుంటే పెళ్ళాం పేరున్నట్టు కాదుటే? గుమ్మం బయట బోర్డు మీద కూడా వాడి పేరే ఉంది. అంతమాత్రాన ఇల్లు నీది కాకుండా పోయిందా?"

ఇల్లు తనదేనా అన్న సంగతి అప్పటిదాకా ఎవరూ అడగలేదు, తనను తానూ అడగలేదు. మరి అక్కకి ఏం పంపను అని అతన్ని ఒక్కటే అడిగింది. "అక్కకేం, ఆల్బమ్ వినమను. హాయిగా శుభ్రంగా ఉంటుంది" అన్నాడతను, మళ్ళీ ఫ్యాను చప్పుడు వైపు తిరిగిపోతూ. "కొత్తవి ఇంకో ఇరవై కావాలంటున్నారు. ఈసారి కుళాయి కట్టేసి చెప్పు."

మర్నాడు బస్సు దిగగానే అక్కకు ఫోన్ చేసి ఆల్బమ్ ఎలా ఉందని అడిగింది. రాత్రే విన్నానంది అక్క. "బావుందే. కానీ అందులో నువ్వు లేవు" అంది. "ఎక్కడో అద్దాల గదిలో కూర్చుని ఎవరో అప్పజెప్పినట్టుంది. నీ గిన్నెలు వినబడాలి నాకు. అవి వింటుంటే నీ వంటింట్లో పీట మీద కూర్చున్నట్టుంటుంది."

తొలగించిన ధ్వనుల్ని ఆఫీసు వారం రోజులు అట్టే పెడుతుంది. ఈలోగా అభ్యంతరం పెడితే విచారణ, లేకపోతే శాశ్వతంగా చెరిపేస్తారు. మూడు రోజులు అయిపోయాయి. ఆమె తిన్నగా లీడరమ్మ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పింది. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"తీర్పిచ్చింది నువ్వే. అభ్యంతరం పెట్టేదీ నువ్వే అంటే వినకుండా నొక్కానని రాసిచ్చినట్టే. నీ సీటు ఉండదు, తెలుసా?"

"తెలుసు."

"మేమందరం వినకుండానే నొక్కుతున్నాం కదమ్మా." ఆవిడ గొంతు తగ్గించింది. "పోనీ ఇంట్లో సర్దుకోకూడదూ? పైగా నీ సంతకం ఉంది. దాన్ని కొట్టెయ్యాలంటే ఆధారం గట్టిదే కావాలి."

"ఉందేమో, విని చెప్తాను" అంది ఆమె.

సీటుకొచ్చి కొక్కేనికి వేలాడుతున్న హెడ్‌ఫోన్లు తీసి, పైట కొంగుతో దుమ్ము తుడిచి, నాలుగేళ్ళ తర్వాత చెవులకు పెట్టుకుంది. పక్క సీటావిడ వింతగా చూసింది. ఆమె కింది గీత తెరిచింది. నీడను ఉతికి ఆరేసుకున్న ఆవిడ కథ అది. ఒకావిడ రోజంతా ఇంటెడు బట్టలూ ఉతికి, చివర్లో మాసిపోయిన తన నీడను కూడా ఉతికి దండెం మీద వేస్తుంది. గాలొస్తుంది, నీడ ఎగిరిపోతుంది. ఆవిడ దాని వెనకాలే గేటు దాటుతుంది.

ఆమె తన గొంతు తను వింది. అలిసిపోయి ఉంది ఆ గొంతు, అయినా లోపల్లోపల ఎక్కడో నవ్వుతోంది. కుళాయి పారుతోంది. కత్తిపీట చప్పుడు. కుక్కర్ కూత వేసినప్పుడు కథలో గాలి వీచింది. అంటే గాలి అక్కణ్ణుంచి వచ్చిందన్నమాట, ఆమెకే తెలియదు. ఒకచోట, ఆ రోజు పని హడావుడిలో తను పట్టించుకోని అత్తగారి గొంతు వినపడి ఆమె ఉలిక్కిపడింది. "ఆగవే, ఆ నీడ సంగతి నేను మాత్ర వేసుకొచ్చాక చెప్పు." ఆవిడ వింటున్నదన్నమాట, ఇన్నాళ్ళూ గుమ్మం అవతల నిలబడి. ఆమెకు అక్కడ కళ్ళు తడిశాయి. మళ్ళీ వెనక్కి జరిపి అదే ముక్క ఇంకోసారి వింది. తర్వాత పై గీత తెరిచింది. నున్నటి శుభ్రమైన గొంతు నీడను ఉతికింది, ఆరేసింది. కుళాయి లేదు, అత్తగారు లేరు, అలసట కూడా తీసేశాడు. గాలి ఎందుకు వీచిందో తెలియకుండానే వీచింది.

ఆమె అభ్యంతర పత్రం తెరిచింది. పేరు రాసింది. హక్కుదారుతో మీకు గల సంబంధం అన్నచోట భార్య అని రాసింది. సంతకం మీదేనా అన్నచోట, నాదే, చదవకుండా పెట్టాను అని రాసింది. ఇక్కడ పనిచేసేవారైతే, ఉద్యోగం మీద పడే ప్రభావం గురించి తెలుసా అన్నచోట తెలుసు అని రాసింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు గానీ పత్రంలో దానికి గడి లేదు. చివర, ఆధారాలు, నిమిషాల వారీగా అని ఉంది. ఆమె హెడ్‌ఫోన్లు తీయకుండానే నింపడం మొదలుపెట్టింది.

రెండో నిమిషం: కుళాయి. అంట్లు తోముతున్నాను.

నాలుగో నిమిషం: హక్కుదారు గొంతు, మంచినీళ్ళు అడుగుతోంది. కథ ఆపి వెళ్ళి ఇచ్చి వచ్చాను.

ఏడో నిమిషం: హక్కుదారు గొంతు, టవల్ ఎక్కడుందని. కుర్చీ మీదే ఉంది.

తొమ్మిదో నిమిషం: కుక్కర్ కూత. కథలో గాలి ఇక్కడే పుట్టింది.

పన్నెండో నిమిషం: అత్తగారి గొంతు. కథ కోసం ఆగమంటున్నారు.

పద్నాలుగో నిమిషం: హక్కుదారు గొంతు, టీ ఇంకా కాలేదా అని.

పదిహేడో నిమిషం: హక్కుదారు గొంతు, నవ్వుతూ. "ఎక్కడివే నీకీ పిచ్చి కథలు?"