దేవి మేడమ్ బ్యాడ్జీ

మా చెల్లెలు రోజారమణి పోయిన రోజు శుక్రవారం. ఆ పేరుతో ఎవరూ చేరలేదని ఆసుపత్రిలో చెప్పారు. నేనూ, మా మరిది, అంటే చెల్లి భర్త గుణశేఖరూ గంటసేపు వార్డులన్నీ వెతికాం. చివరికి ఒక నర్సు మంచం చూపించింది. కేసు కాగితం మీద ‘దేవి’ అని ఉంది. చెల్లి చీరకు గుచ్చిన బ్యాడ్జీ మీదా అదే పేరు. అప్పటికే అయిపోయింది.

రమణి పదకొండేళ్లుగా నగరంలోని ఒక మహిళా డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. మా ఊరు పద్మనాభం నుంచి రోజూ రెండు బస్సులు మారి వెళ్లేది. ఆ కాలేజీలో మహిళా అధ్యాపకులకు పది రోజుల నాయకత్వ శిక్షణ పెట్టారు. పర్మినెంటు వాళ్లకే అర్హత. వాళ్లలో పన్నెండుమంది రాలేదు. అధికారుల ముందు కుర్చీలు ఖాళీగా ఉండకూడదని ప్రిన్సిపాల్ పన్నెండుమంది గెస్టులను, రాని వాళ్ల బ్యాడ్జీలు పెట్టి కూర్చోబెట్టారు. రమణికి దేవి మేడమ్ బ్యాడ్జీ ఇచ్చారు. రిజిస్టరులో ఈ పన్నెండుమంది గెస్టులకూ సెలవు రాశారు. ఆ శుక్రవారం ఛాతీలో నొప్పని రమణి లేస్తే, ప్రిన్సిపాల్ “గ్రూప్ ఫొటో అయ్యాక వెళ్లు” అన్నారట.

సోమవారం ప్రిన్సిపాల్‌ని కలిశాను. చెల్లి పనిలో ఉండగా పోయిందని రాసిమ్మన్నాను.

“టీచర్ గారూ, మీ బాధ నాకు తెలుసు. కానీ ఆవిడ ఆ రోజు సెలవు. రిజిస్టరు మీరే చూడండి.”

చూశాను. ఇరవై రెండేళ్లుగా బడిలో పిల్లల హాజరు వేస్తున్నాను. వచ్చిన పిల్లకు రాలేదని ఎన్నడూ వేయలేదు.

సాయంత్రం కాలేజీ సైకిల్ షెడ్డులో గెస్టులు కూడారు, నేనూ ఉన్నాను.

“నిజం సెప్తే దొంగ పేరుతో కూకున్నారని మనల్నే తీసేత్తారు,” అంది దుర్గ. రమణి పక్క కుర్చీ ఆమెదే.

అక్కడే ఊడుస్తున్న స్వీపరు తవిటమ్మ చీపురు ఆపింది. “నాను సూసేను. ఆ మేడమ్ గుండె పట్టుకుంటే నీల్లిచ్చింది నానే. ఎవులడిగినా సెప్తాను.”

“నీకేటి తెలుసు, ఊరుకో తవిటమ్మా,” అంది ఇంకో గెస్టు.

“ఏటి తెలదమ్మా? నాది ఏలిముద్ర. మీరు పీహెచ్‌డీలు. నోరు పెగల్దేటి?”

చాలాసేపు వాదించుకున్నారు. ఇద్దరు ఏడ్చారు.

శిక్షణ ముగింపు రోజు నేను వెనక వరసలో కూర్చున్నాను. ఇక్కడ ఏం నేర్చుకున్నారో చెప్పమని శిక్షకురాలు అడిగింది. దుర్గ లేచింది.

“నా పేరు దుర్గ, మేడమ్. ఈ బ్యాడ్జీ నాది కాదు. శుక్రవారం నా పక్కన రోజారమణి కూకుంది.”

బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టింది. రెండో ఆమె లేచింది. మూడో ఆమె తన బ్యాడ్జీ తీసి వాటి పక్కనే పెట్టింది. అలా పదకొండుమంది. ప్రిన్సిపాల్ మైకు ఆపించారు. గుమ్మంలోంచి తవిటమ్మ అరిచింది: “నానూ సూసేను!” కిటికీల దగ్గర విద్యార్థినులు “రమణి మేడమ్, రమణి మేడమ్” అని పిలిచారు. ఆమె ఇంకా తరగతిలో ఉన్నట్టే పిలిచారు.

మర్నాడు పదకొండుమందినీ, తవిటమ్మనూ గేటు దాటనివ్వలేదు. వాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు. విద్యార్థినులు తరగతులు వదిలి వచ్చారు. పోలీసులు దుర్గతో పాటు ఐదుగురిని వ్యానెక్కించారు. ఖాళీ అయిన చోట్లలో విద్యార్థినులు కూర్చున్నారు. నేనూ బడికి సెలవు పెట్టి కూర్చున్నాను.

రోడ్డు మీద కూర్చోవడం ఇది తొమ్మిదో రోజు. రోజారమణి ఆ శుక్రవారం పనిలో ఉందని కాలేజీ ఇంకా రాసివ్వలేదు.