పైవైపు కొక్కెం

మావయ్య ఇచ్చిన బాంజో యుకలేలేని చెల్లెలు దుప్పట్లో చుట్టి, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు నా కొట్లోకి తెచ్చింది. దాన్ని చూడగానే ఎప్పటిలాగే నాకు ఒళ్ళు మండింది.

నాది సంచులు, బెల్టులు కుట్టే కొట్టు. గోడల నిండా వేలాడేవన్నీ నేను కుట్టినవే. ఎవరి సొమ్ము మీదా నాకు కన్ను లేదు, ఆ ఒక్క వస్తువు మీద తప్ప. డప్పుకీ గిటారుకీ పుట్టిన బిడ్డ అనేవాడు దాన్ని మావయ్య. పొట్టి మెడ, నాలుగు తీగలు, గుండ్రటి చెక్క చట్రం మీద బిగించిన తోలు, ఆ తోలును లాగిపట్టడానికి చట్రం చుట్టూ ఇత్తడి కొక్కేలు. చిన్నప్పుడు దాన్ని ముందు ఒళ్ళో పెట్టుకున్నది నేను. పాట ముందు పట్టుకున్నదీ నేనే. కానీ నాది పుర్రచేతి వాటం. ఎడమచేత్తో మీటేదాన్ని. నీకోసం తీగలన్నీ తిరగేసి కట్టాలి, ఎవరు పడతారే ఆ అవస్థ, అని నవ్వేసి మావయ్య దాన్ని చెల్లెలి చేతిలో పెట్టాడు. తీగలు తిరగేయడం ఒక పూట పని. ఆ పూట ఆయనకు నాకోసం దొరకలేదు.

ఇప్పుడు చెల్లెల్ని ఒక పాటల బృందం వాళ్ళు పిలిచారు. శనివారం హాల్లో, అందరి ముందూ నిలబడి వాయించాలి. ఇంట్లో కూర్చుని వాయిస్తే ఒడి ఆపుతుంది. నిలబడితే ఆ ఇత్తడి బరువుకి జారిపోతుంది, దాన్ని పట్టుకోవడానికే ఒక చెయ్యి చాలదు. భుజానికి తగిలించుకునే పట్టీ కావాలి. నువ్వు తప్ప నాకెవరు కుడతారక్కా, అంది. నేను కుట్టకపోతే దానికి శనివారం లేదు. ఆ ఆలోచన లోలోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ముందు నైలాన్ పట్టీ చూపించాను, అది భుజం మీద నిలవదని తెలిసే. బాగుందక్కా, అంది. మందపాటి బెల్టు తోలు చూపించాను, అది మెడ దగ్గర ఒరుసుకుంటుందని తెలిసే. అదీ బాగుందట. చిన్నప్పటి నుంచీ దీనితో ఇదే చిక్కు. ఏది చేతిలో పెట్టినా మురిసిపోతుంది, మనిషిని కుళ్ళుకోనైనా కుళ్ళుకోనివ్వదు. ఎంత కడుపుమంట ఉన్నా నా కొట్లోంచి పనికిమాలిన సరుకు బయటికి పోవడం నాకు పడదు. చివరికి అటక మీద నా కోసమని దాచుకున్న మెత్తటి తోలు దింపాను. దింపుతూ నన్ను నేనే తిట్టుకున్నాను.

చట్రానికి ఒక స్క్రూ దింపి తగిలించెయ్యమంది చెల్లెలు. పల్చటి చెక్క, స్క్రూ దిగితే చీలుతుంది. ఇనుప క్లిప్పు పెడితే ఇత్తడికి తగిలి, మీటినప్పుడల్లా జిరజిరమంటుంది. అందుకని పట్టీ రెండు చివర్లా సన్నటి తోలుతాళ్ళు కుట్టి, కొక్కేలకే ముడి వేస్తానన్నాను. ఒక ముడి మెడకు ఎదురుగా, అడుగు చివర ఉన్న కొక్కేనికి. రెండోది మెడ పక్కన, పైవైపు కొక్కేనికి. కిందివైపు దానికి వేస్తే వాయిద్యం బోర్లా పడుతుందని పాఠం చెప్పినట్టు చెప్పాను. వాయిద్యం ఉంచి, సాయంత్రం రమ్మన్నాను.

అది వెళ్ళాక తలుపు దగ్గరికి వేశాను. తోలు కోసి, అంచులు నున్నగా చేసి, భుజం మీద ఆనే చోట స్పాంజి పెట్టి కుట్టి, పొడవు సర్దుకోవడానికి ఒక బకిల్ వేశాను. నా భుజానికే వేసుకుని పొడవు చూసుకున్నాను, అక్కడ ఇంకో భుజం లేదు మరి. ముళ్ళు వేసి, లాగి చూసి, అద్దం ముందుకు వెళ్ళి రెండు చేతులూ వదిలేశాను. కదల్లేదు. నా గుండెల మీద కుదురుగా కూర్చుంది. ఇది నా దగ్గరుంటే నేను ఇలా ఉండేదాన్నన్నమాట అనుకున్నాను. చెల్లెలి మీద ఎన్నడూ లేనంత అసూయ ఆ క్షణాన పుట్టింది.

సాయంత్రం అది వచ్చి, తోలును చెంపకు ఆనించుకుని, పట్టీలో తల దూర్చింది. చేతులు వదిలింది. వాయిద్యం గిర్రున తిరిగి దాని పొట్ట మీద బోర్లా పడింది. సరిచేసుకుని మళ్ళీ వదిలింది. మళ్ళీ అంతే. నేను కంగారుగా ముళ్ళు తడిమాను. ఏదీ వదులు కాలేదు. పైవైపు కొక్కేనికే వేశాను, ఒట్టు.

చెల్లెలు ముడినీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"పైవైపే కట్టావక్కా," అంది మెల్లిగా. "కాకపోతే నీ పైవైపు."

అప్పుడు వెలిగింది నాకు. పుర్రచేతివాళ్ళు పట్టుకుంటే మెడ కుడివైపుకి తిరుగుతుంది. నాకు పైన ఉండే కొక్కెం దానికి కింద ఉంటుంది. ఇన్నేళ్ళ పనిలో ఒకరి వస్తువు నా వాటానికి కుట్టుకున్నది అదే మొదటిసారి. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏదో పరధ్యానం అని గొణుగుతూ ముడి విప్పి, అవతలి కొక్కేనికి వేశాను. పట్టీ కూడా దానికి పొడవెక్కువైంది. బకిల్ దగ్గర లాగి కురచ చేశాను. ఈసారి కదల్లేదు. దాని గుండెల మీదా అంతే కుదురుగా కూర్చుంది. అది వాయించింది. బాగా వాయించింది, ఏడవలేక చెబుతున్నాను.

మిగిలిన తోలు బకిల్ కింద తోకలా వేలాడుతోంది. స్టేజీ మీద అసహ్యంగా ఉంటుందని కత్తి తీశాను. చెల్లెలు వాయించడం ఆపి తోక మీద చెయ్యి వేసింది.

"కొయ్యకు. అది నీ కొలత. శనివారం అయిపోయాక వాయిద్యం తెచ్చి నీ దగ్గరే ఉంచుతా. తీగలు తిరగేసుకో, పూట పనేగా."

నాకేం అక్కర్లేదన్నాను. అది విననట్టే తీగలు సవరించుకుంది. మావయ్యకు ఎన్నడూ దొరకని ఆ పూట దీనికి ఎంత తేలిగ్గా దొరికిందో చూస్తే కళ్ళు మండాయి. చివరికి ఇచ్చే అదృష్టం కూడా దానికే పట్టింది.

కత్తి పక్కన పెట్టి సూది తీసుకున్నాను. తోకను లోపలికి మడిచి కుట్టేశాను. ఇట్టే విప్పుకోవడానికి వీలుగా, వదులు కుట్టు.